బోణీ లేని ఊరు

నాగులపేటకు నీతి ఒక స్టీలు బకెట్టు మూలాన వచ్చింది.

అంతకుముందు ఊళ్ళో నీతి లేదని కాదు. ఉన్నదేదో ఎవరి కొట్లో వాళ్ళు సర్దుకుని ఉండేవారు. ఆ స్థితిలో ‘సమాన వర్తక నైతికతా మండలి’ అనే కొత్త కార్యాలయం అక్కడ వెలిసింది. దాని సంచాలకులు సచ్చిదానంద్ గారు వ్యాపారంలో నీతి గురించి ఎక్కడో చల్లటి ఊళ్ళో శిక్షణ పొంది, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి, కుర్చీ వెనక గోడకి తగిలించుకుని కూర్చున్నారు. తీరా చూస్తే చెయ్యడానికి పని దొరకలేదు. తూకాలు చూసే శాఖ వేరే ఉంది. కల్తీ చూసే శాఖ వేరే ఉంది. ఆ శాఖలు తమ పని తాము చెయ్యకపోయినా ఇంకొకళ్ళని మాత్రం చెయ్యనివ్వవు. నాగులపేట వర్తకులు ఆశించినంత దుర్మార్గులు కాకపోవడం ఆయన్ని రోజురోజుకీ కుంగదీస్తోంది.

ఒక సాయంత్రం ఆయన పాత్రల కొట్టుకి వెళ్ళి ఒక బకెట్టు బేరమాడారు. ఇదే బకెట్టు తన పక్కింటాయన పొద్దున్న ఇదే కొట్లో బాగా తక్కువకి తెచ్చుకున్నాడని గుర్తొచ్చి అడిగారు. కొట్టాయన హాయిగా నవ్వి, “పొద్దున్నది బోణీ బేరమండి. బోణీకొచ్చిన మనిషిని వట్టి చేతుల్తో పంపకూడదు కదండీ, లాభం చూసుకోకుండా ఇచ్చేశాను” అన్నాడు.

సచ్చిదానంద్ గారు బకెట్టు కొనకుండా తిరిగొచ్చేశారు. చాలా కాలం తర్వాత ఆయన ముఖం వెలిగింది. మర్నాడే పురపాలక సంఘం హాల్లో వర్తకులందర్నీ కూర్చోబెట్టి ఉత్తర్వు చదివి వినిపించారు.

“పట్టణ వర్తకులు ప్రథమ కొనుగోలుదారుని యెడల ప్రదర్శించుచున్న పక్షపాతము వలన ద్వితీయ, తృతీయ మరియు తదుపరి కొనుగోలుదారుల ఆత్మగౌరవమునకు భంగము వాటిల్లుచున్నదని మండలి దృష్టికి వచ్చియున్నది. కావున వచ్చే సోమవారము నుండి పట్టణ పరిధిలోని ఏ దుకాణమునందును ప్రథమ కొనుగోలుదారుడు ఉండరాదు.”

వర్తక సంఘం అధ్యక్షుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఆయనకి అప్పుడే శాలువా కప్పారు మరి. మిగతావాళ్ళు ఏసీ బాగుంది కనక కొట్టారు. వెనక వరసలోంచి ఒక్క చెయ్యి మాత్రం పైకి లేచింది.

“ఆయ్, నాదొక చిన్న మాటండి. మొదటోడు రాకుండా రెండోవోడు ఎలా వత్తాడండి?”

ఆ చెయ్యి, ఆ ప్రశ్న రెండూ బస్టాండు దగ్గర పెసరట్టు హోటలు తాతబ్బాయివి.

సచ్చిదానంద్ గారు జాలిగా నవ్వారు. “ఇదీ మన వెనుకబాటుతనం! మీరు ఒకటి నుంచి లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నారు. ఇకనుంచి రెండుతో మొదలుపెట్టండి” అన్నారు.

మళ్ళీ చప్పట్లు మోగాయి. తాతబ్బాయి కూర్చున్నాడు. 

తాతబ్బాయి ఒకప్పుడు లారీ తోలేవాడు. ఊరూరా దొరికిన గడ్డీ గాదం తిని విసిగి, ఎప్పటికైనా మనుషులు తినే టిఫిను తన చేత్తో వేసి పెట్టాలని పంతం పట్టాడు. లారీ దిగిపోయి, భార్య సత్యవేణి మెడలో గొలుసు అమ్మించి, రేకుల షెడ్డులో ఆ హోటలు పెట్టాడు. దానికి ఫ్యాను కూడా లేదు. కానీ తొలి బస్సు ఎక్కేవాళ్ళు అతని అట్టు తినకుండా ఊరు దాటేవారు కాదు. పెసలు నానబెట్టి ఏ పూటకాపూట రుబ్బుతాడు. నిన్నటి పిండి నేటి పెనం మీద పడదు. అల్లం పచ్చడిలో బెల్లం తక్కువైన రోజు అడక్కుండానే చెప్పేస్తాడు. అలా చెప్పి గిరాకీ పోగొట్టుకుంటాడని సత్యవేణి తల బాదుకునేది.

రోజూ అతనికి బోణీ చేసేది నూకాలమ్మ. బస్టాండు ఊడ్చే మనిషి. చీకటుండగానే ఆవరణంతా ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, హోటలు మెట్టు మీద చతికిలబడి, “ఏరా అబ్బాయ్, పెనం ఏడెక్కిందా, ఇంకా నిద్రపోతందా?” అని కేకేస్తుంది. తాతబ్బాయి సగం ఉల్లిపాయతో నూనె రుద్ది మొదటి అట్టు వేస్తాడు. వేడి ఇంకా సరిగ్గా పట్టని పెనం కనక అది అంటుకుంటుంది. అట్లకాడతో గీకి తీస్తే చిరిగి పీలికలై వస్తుంది. దాన్ని ఆకులో వేసిస్తే నూకాలమ్మ తింటూ తిడుతుంది. సగం డబ్బులే ఇస్తుంది. తాతబ్బాయి ఆ డబ్బులు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తాడు. ఆవిడ చెయ్యి మంచిదని అతని నమ్మకం. అతని పచ్చడి చెడ్డదని ఆవిడ నమ్మకం. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఎవరి నమ్మకం మీద వాళ్ళు నిలబడి ఉన్నారు.

సోమవారం వచ్చింది. నాగులపేటలో కొట్లన్నీ తెరుచుకున్నాయి, ఒక్కరూ అమ్మలేదు.

బట్టల కొట్టు మెట్ల మీద జనం నిలబడి, “ముందు మీరు వెళ్ళండి,” “అబ్బెబ్బే, మీరు పెద్దవారు, మీరే పదండి” అని ఒకళ్ళనొకళ్ళు మర్యాద చేసుకున్నారు. బస్సు ఎక్కేటప్పుడు మోచేతుల్తో పలకరించుకునే ఊరు అంత మర్యాద ఎన్నడూ ఎరగదు. మందుల షాపులో కడుపునొప్పని వచ్చినవాణ్ణి, నీకంటే ముందు కడుపునొప్పి వచ్చినవాణ్ణి ఎవణ్ణయినా వెంటపెట్టుకు రమ్మని పంపించారు. గాజుల కొట్లోకి ఇద్దరు తోడికోడళ్ళు కుడికాళ్ళు ఒక్కసారే లోపల పెట్టారు. తనిఖీ బృందం ఆ గుమ్మం కొలిచి, ఇద్దరూ విడివిడిగా ప్రథములేనని తేల్చి ఇద్దరికీ జరిమానా వేసింది. సెలూన్‌లో మంగలి కాస్త బుర్ర వాడాడు. ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టి, ఇతనికో చెంప, అతనికో చెంప గీస్తూ పోయాడు. మధ్యలో కరెంటు పోయి ఇద్దరూ సగం గడ్డాలతో ఆఫీసులకి వెళ్ళారు.

తాతబ్బాయికి మాత్రం ఉత్తర్వు సంగతే గుర్తులేదు. అలవాటు చొప్పున పెనం వేడెక్కింది, అలవాటు చొప్పున అట్టు చిరిగింది, అలవాటు చొప్పున నూకాలమ్మ నోరు చేసుకుంటోంది. అప్పుడు బృందం దిగింది.

“ఈమె ప్రథమ కొనుగోలుదారా?” అన్నాడు బృందనాయకుడు.

“ఆయ్, కాదండి. మా నూకాలు పిన్నండి.”

“బంధువా? అయితే బంధుప్రీతి కూడా రాసుకోండి.”

“బంధువేం కాదండి బాబూ, ఊరికే అలా పిలుత్తాను.”

“బంధువు కాని వ్యక్తిని బంధువుగా ప్రకటించడం వినియోగదారులను తప్పుదోవ పట్టించడం. అదీ రాసుకోండి. ఎంత తీసుకున్నారు?”

“సగమండి.”

బృందనాయకుడు కళ్ళు మూసుకున్నాడు. అంత ఘోరం పొద్దున్నే వినాల్సి వస్తుందనుకోలేదు కాబోలు. మొదటి తప్పు గనక హెచ్చరికతో వదులుతున్నామనీ, మరోసారి జరిగితే హోటలు లైసెన్సు రద్దనీ చెప్పి, చిరిగిన అట్టుని సాక్ష్యం కింద కవర్లో పెట్టుకున్నాడు.

“నా అట్టు!” అని నూకాలమ్మ లేచింది. “ఒరే, ఎంగిలిరా అది!”

సాక్ష్యం జీపెక్కి వెళ్ళిపోయింది.

వారం గడిచేసరికి ఊళ్ళో ఉప్పు దొరకని స్థితి వచ్చింది. మండలి సమావేశమై లోపం ఎక్కడుందో కనిపెట్టింది. లోపం ఉత్తర్వులో లేదు. కొనేవాళ్ళలో ఉంది. మొదటివాడు ప్రైవేటు మనిషి కావడం వల్లే ఇంత పక్షపాతం. అదే మొదటివాడు ప్రభుత్వోద్యోగి అయితే అతని మీద ఏ వర్తకుడికీ ప్రేమ పుట్టే ప్రమాదం లేదు. అందుచేత ‘అధికారిక ప్రథమ కొనుగోలుదారు’ అనే ఉద్యోగాలు మంజూరయ్యాయి. ఆ ఉద్యోగి ప్రతి కొట్లో రోజూ మొదటి సరుకు పూర్తి ధరకి, బేరం ఆడకుండా, నవ్వకుండా కొనాలి. కొన్నాక ‘ప్రథమ కొనుగోలు పూర్తయినది’ అని రాసున్న రేకు పలక గుమ్మానికి తగిలించాలి. అది వేలాడితేనే జనం లోపలికి అడుగు పెట్టాలి.

బస్టాండు వీధికి భీమశంకరం గారిని వేశారు. ఆయన పట్టు పరిశ్రమ శాఖ నుంచి వచ్చాడు. నాగులపేటలో పట్టుపురుగులు లేకపోవడంతో ఇన్నాళ్ళూ వాటి రాక కోసం ఎదురుచూస్తూ సర్వీసు గడిపాడు. మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించడు, ఏదీ తొందరపెట్టడు. ఆఫీసులో పదిన్నరకి సంతకం పెట్టి, మంచినీళ్ళు తాగి, చెప్పుల కొట్లో ఒక జత, ఎరువుల కొట్లో ఒక బస్తా, సోడా కొట్లో ఒక సోడా కొంటూ పదకొండు దాటాక తాతబ్బాయి దగ్గరికి చేరేవాడు. సరుకులు ప్రభుత్వ గోదాముకి పోతాయి. తినే వస్తువు మాత్రం అక్కడే తిని తీరాలి. తినకపోతే కొనుగోలులో చిత్తశుద్ధి లేనట్టు.

పెసరపిండి ఎవరి కోసమూ ఆగదు. పదకొండింటి ఎండకి అది పొంగి, పులిసి, కంపు కొట్టేది. తొలి బస్సు, మలి బస్సు ఖాళీ కడుపుల్ని ఎక్కించుకుని ఎప్పుడో వెళ్ళిపోయేవి. నూకాలమ్మ కాసేపు మెట్టు మీద కూర్చుని, పెనం వంక చూసి, కుళాయి దగ్గర నీళ్ళు తాగి, పక్క వీధి ఊడ్చడానికి లేచిపోయేది. ఆవిడ తిట్టకుండా వెళ్ళిపోతుంటే తాతబ్బాయికి ఏడుపొచ్చేది. పూట పూటా రుబ్బిన పిండి డ్రైనేజీలో పారబోస్తుంటే సత్యవేణికి వచ్చేది. ఈ లెక్కన హోటలు ఇంకో నెల నిలవదని ఇద్దరికీ తెలుసు.

భీమశంకరం గారికి ఆ మిగిలిన పులుపుపిండితో మొదటి అట్టు పడేది. చల్లటి పెనం మీద మొదటిది కనక అది చిరిగేది. ఆయన దాన్ని పూర్తి ధర పెట్టి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, నవ్వకుండా తినేవాడు. నవ్వకూడదన్న నిబంధన ఆయనకి ఈ ఒక్క చోటే తేలిగ్గా ఉండేది.

“పెసరట్టంటే ఇలాగే ఉంటుందాండీ?” అని ఒకరోజు బెదురుతూ అడిగాడు. “మాది ఎగువ ప్రాంతం. నాకు తెలీదు.”

తాతబ్బాయికి తల కొట్టేసినట్టయింది. “బాబ్బాబు, రెండోది తినండి. పెనం ఇప్పుడే దారికొచ్చింది. ఒక్కటి తినండి చాలు.”

“వద్దండి. రెండోది ప్రజలది” అని ఆయన చేతులు కడుక్కుని పలక తగిలించి వెళ్ళిపోయాడు.

ఉపాయం సత్యవేణికి తట్టింది. పిండి పారబోసి వచ్చి, గిన్నె ఠంగుమని కింద పడేసి, “కొట్టు కట్టేత్తేనే కదండీ, పొద్దున్నే మళ్ళీ మొదలెట్టేది? అసలు కట్టెయ్యకపోతే?” అంది.

తాతబ్బాయి షట్టరు వంక చూశాడు. నిజమే. హోటలు పెట్టిన నాడు నూకాలమ్మ బోణీ చేసింది. ఆ తర్వాత తలుపు ముయ్యకుండా ఉంటే వచ్చేవాళ్ళందరూ తర్వాతివాళ్ళే. ఆ సాయంత్రమే షట్టరు ఊడదీసి పెరట్లో కోళ్ళకి గూడు కింద నిలబెట్టాడు. పొయ్యి ఆరకుండా మొగుడూ పెళ్ళాం వంతులేసుకున్నారు. తనిఖీ బృందం వచ్చి ఉత్తర్వు తిరగేసి మరగేసి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

ఇంకేముంది, ఊరంతా అదే పట్టింది. నాగులపేటలో ఏ కొట్టూ మూతపడ్డం మానేసింది. బట్టల కొట్టాయన తానుల మీదే పడుకుని, కొనేవాళ్ళు వస్తే దుప్పటిగా కప్పుకున్న గుడ్డే కొలిచి ఇచ్చేవాడు. సెలూన్ మంగలి నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాడు. గడ్డం చేయించుకునేవాళ్ళు మాత్రం నిద్రపోవడం మానేశారు. ఎవరి కళ్ళు చూసినా చింతనిప్పుల్లా ఉండేవి. అయితేనేం, ఉత్తర్వు అక్షరాలా అమలైంది. ఊరు మొత్తం గాలించినా ఒక్క ప్రథమ కొనుగోలుదారుడు దొరకలేదు.

నాలుగు చోట్ల బ్యానర్లు కట్టి సన్మానం చేసుకోవాల్సిన సమయమది. కానీ అధికారిక ప్రథమ కొనుగోలుదారుల సంఘం సమ్మెకి దిగింది. కొనడానికి మొదటి సరుకు లేక తమ సభ్యులు వృత్తి నైపుణ్యం కోల్పోతున్నారనీ, ‘మొదటి గిరాకీ మా జన్మహక్కు’ అనీ కార్యాలయం ముందు బైఠాయించింది. భీమశంకరం గారు కూడా ఒక మూల కూర్చుని, ఎవరికీ వినపడకుండా నినాదం ఇచ్చాడు.

సచ్చిదానంద్ గారు చలించిపోయారు. అదే కలంతో రెండో ఉత్తర్వు జారీ చేశారు. “పట్టణములోని ప్రతి దుకాణమునందును ప్రతి దినము ప్రథమ కొనుగోలుదారుడు విధిగా ఉండవలెను. దుకాణము మూయకుండుట ద్వారా ప్రథమ కొనుగోలుదారుని ఉనికిని దురుద్దేశపూర్వకముగా రూపుమాపినవారు శిక్షార్హులు.” రూపుమాపిన వారిలో మొదటివాడు తాతబ్బాయి కనక విచారణకి అతన్ని పిలిచారు. మొదటివాడు ఉండకూడదన్న నిబంధన నేరాలకి వర్తించదట.

విచారణ చల్లగా జరిగింది. అద్దాల బల్లకి అటు సచ్చిదానంద్ గారు, పక్కన సహాయకుడు. ఇటు నిద్రలేని తాతబ్బాయి. సాక్షి కింద గోడవార భీమశంకరం గారు.

“చూడండి తాతబ్బాయి గారూ,” అన్నారు సచ్చిదానంద్ గారు, “ఇది స్వేచ్ఛా సమాజం. వ్యాపారం చేసుకునే హక్కు మీకు సంపూర్ణంగా ఉంది. ఎవరికి అమ్మాలి, ఎప్పుడు అమ్మాలి, ఎంతకి అమ్మాలి అనే చికాకులు మాత్రమే మేము మీ నెత్తి మీంచి తీసుకున్నాం. మిగిలిన స్వేచ్ఛంతా మీదే.”

“మిగిలిందేంటండి?”

సచ్చిదానంద్ గారు సహాయకుడి వైపు చూశారు. సహాయకుడు కాగితాలు వెతికి, “పని చేసుకోవడం సార్” అన్నాడు.

తాతబ్బాయికి ఒళ్ళు మండింది. లారీ తోలిన గొంతు బయటికొచ్చింది. “పెనం నాదండి, పిండి నాదండి, చెయ్యి కాలేది నాదండి. మొదటి అట్టు ఎవరికెయ్యాలో నాకు తెల్దాండి? నూకాలు పిన్నికి సగం డబ్బులకిచ్చేది దయతలిచి కాదండి బాబూ! మొదటి అట్టు పెనానికి అంటుకుని చిరుగుద్దండి. చిరిగినదానికి పూరా డబ్బులెలా పుచ్చుకుంటానండి? అది మోసం కాదాండి?”

గోడవార భీమశంకరం గారు ఉలిక్కిపడి తలెత్తాడు. “అంటే... రెండోది చిరగదా?” అన్నాడు. సాక్షి తనంతట తాను మాట్లాడకూడదని సహాయకుడు మందలించాడు.

సచ్చిదానంద్ గారు మాత్రం దీర్ఘంగా ఆలోచించారు. చాలాసేపటికి ఆయన ముఖం మళ్ళీ వెలిగింది. “లోపం ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ మనం కొనుగోలుదారు మీద దృష్టి పెట్టాం గానీ అట్టు మీద పెట్టలేదు. రాసుకోండి. ‘ఇకపై పట్టణములో అట్లు వేయువారందరును రెండవ అట్టుతోనే ప్రారంభించవలెను.’”

సహాయకుడు రాసుకున్నాడు.

“ఇక మీ విషయం,” అన్నారాయన, కలానికి మూత పెడుతూ. “రేపటి నుంచి షట్టరు దించాలి, తియ్యాలి. అధికారిక ప్రథమ కొనుగోలుదారు కొన్నాకే అమ్మాలి. కాదంటే లైసెన్సు రద్దు, షెడ్డు స్వాధీనం. మీకు నీతి నేర్పడం మా బాధ్యత, నేర్చుకోవడం మీ స్వేచ్ఛ.”

ఆ సాయంత్రం తాతబ్బాయి కోళ్ళని వెళ్ళగొట్టి షట్టరు మళ్ళీ బిగిస్తుంటే భీమశంకరం గారు సంచీ తగిలించుకుని వచ్చాడు. అటూ ఇటూ చూసి, రేకు పలక తీసి అతని చేతిలో పెట్టాడు.

“ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. పొద్దున్న ఎప్పుడు తెరిస్తే అప్పుడు మీరే తగిలించుకోండి. నేను కొన్నట్టే.”

“కొనకుండా కొన్నట్టేంటండి? అబద్ధం కదండీ?”

“అవునండి,” అన్నాడాయన సిగ్గుపడుతూ. “మిగతా కొట్లవాళ్ళు కూడా అడుగుతున్నారు, ఇచ్చేస్తున్నాను. నాకు మాత్రం ఒక్క కోరిక. ఏదో ఒకరోజు నేను మామూలు మనిషిలా పొద్దున్నే వస్తాను. నాకు రెండో అట్టు వెయ్యండి. ఎలా ఉంటుందో చూస్తాను.”

ఆయన వెళ్ళాక తాతబ్బాయి పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. పచ్చడిలో బెల్లం తగ్గినా దాచని మనిషి. సత్యవేణి లోపల్నుంచి, “కొట్టు కావాలా మీకు, నిజం కావాలా?” అంది.  మర్నాడు చీకట్లో పలక గుమ్మానికి వేలాడింది.

ఆ తర్వాత నాగులపేట కుదుటపడింది. తెల్లారేసరికి వీధి పొడుగునా పలకలు వేలాడేవి. నూకాలమ్మ మళ్ళీ మెట్టెక్కింది, మళ్ళీ చిరిగిన అట్టు, మళ్ళీ సగం డబ్బులు, మళ్ళీ తిట్లు. తొలి బస్సు మళ్ళీ నిండు కడుపుల్తో బయల్దేరింది. అందరూ పూర్వంలాగే బతుకుతున్నారు. తేడా ఒక్కటే, పూర్వం అబద్ధం ఆడాలంటే అవసరం పడాల్సొచ్చేది. ఇప్పుడు కొట్టు తెరవడమే దాంతో. భీమశంకరం గారు పదకొండింటికి ఎండలో తిరిగే బాధ తప్పి సుఖంగా ఉన్నాడు. రోజూ రేపు పొద్దున్నే లేచి రెండో అట్టు తినాలనుకునేవాడు. రోజూ నిద్రలేచేసరికి బారెడు పొద్దెక్కేది.

ఇంతలో పై నుంచి ఓ కబురు వచ్చింది. ప్రతి గుమ్మానికీ పలక వేలాడుతున్న ఏకైక పట్టణం కనక నాగులపేటని ‘ఆదర్శ నిజాయితీ పట్టణం’గా ప్రకటించారు. నీతి నేర్చుకుని బాగుపడిన వర్తకుడికి ఇత్తడి షీల్డు ఇవ్వాలి. బాగుపడటానికి ముందు చెడిపోయి ఉండాలి కనక అందరూ తాతబ్బాయినే ఎంపిక చేశారు. ఫొటోల్లో ఉదయపు వెలుతురు బాగుంటుందని ఎవరో చెప్పడంతో సచ్చిదానంద్ గారు ఫొటోగ్రాఫర్లని, పత్రికలవాళ్ళని వెంటేసుకుని చెప్పాపెట్టకుండా పొద్దుపొడుపుకే దిగారు.

అదృష్టం ఎలా ఉంటుందో చూడండి, భీమశంకరం గారికి మెలకువ వచ్చింది కూడా ఆ రోజే. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, పెనం పక్కనే నిలబడి, రెండో అట్టు అంచులు ఎర్రబడుతుంటే చంటిపిల్లాడిలా చూస్తున్నాడు. మెట్టు మీద నూకాలమ్మ చిరిగిన అట్టు రెండు ముద్దలు తిని మూడో ముద్ద నోట్లో పెట్టుకోబోతోంది. జీపు వచ్చి ఆగింది.

సచ్చిదానంద్ గారు ముందు గుమ్మానికి వేలాడుతున్న పలక చూసి పొంగిపోయారు. “అప్పుడే పూర్తయిందా! అద్భుతం. ఎవరు ఈనాటి మన ప్రథమ కొనుగోలుదారు?”

 పెనం ఒక్కటే సుయ్యిమంటోంది.

“చెప్పండి తాతబ్బాయి గారూ. ఎవరు మొదటివారు?”

తాతబ్బాయి చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. నూకాలమ్మ వైపు చూశాడు. ఆవిడ ముద్ద కిందికి దించి అతని ముఖం వంకే చూస్తోంది. అతని కళ్ళ ముందు షెడ్డు కనిపించింది, సత్యవేణి బోసి మెడ కనిపించింది.

“ఆయనేనండి,” అని అట్లకాడతో భీమశంకరం గారిని చూపించాడు.

“లుంగీలోనా! ఇదీ అంకితభావం!” అన్నారు సచ్చిదానంద్ గారు. “విధి నిర్వహణలో వేళ చూసుకోలేదు, బట్టలు చూసుకోలేదు. ఆ మొదటి అట్టు తింటూ ఒక ఫొటో తీయండి. ఏదీ మొదటి అట్టు?”

మొదటి అట్టు నూకాలమ్మ ఒళ్ళో ఆకులో ఉంది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, లేచి, తిన్నంత మేర చేత్తో సర్ది, ఆకు తీసుకెళ్ళి భీమశంకరం గారి చేతిలో పెట్టింది. ఆయన ఒకసారి ఆకు వంక, ఒకసారి పెనం మీద బంగారంలా వేగుతున్న రెండో అట్టు వంక చూశాడు. తర్వాత నవ్వకుండా తిన్నాడు. ఫొటోలు బాగా వచ్చాయి.

ముఖ్య అతిథి గనక రెండో అట్టు సచ్చిదానంద్ గారు తిన్నారు. కరకరలాడుతోందని మెచ్చుకున్నారు. కొత్త నిబంధన వల్లే అట్టు ఇంత బాగా వచ్చిందని పత్రికలవాళ్ళతో చెప్పారు. షీల్డు ఇచ్చి, నిజాయితీ గురించి రెండు ముక్కలు మాట్లాడి, జీపెక్కారు. డబ్బులు ఆయనా ఇవ్వలేదు, ఆయన్ని ఎవరూ అడగలేదు.

జీపు వెళ్ళాక తాతబ్బాయి మూడో అట్టు ఆకులో వేసి, అల్లం పచ్చడి ఎక్కువగా పెట్టి, తనే మెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. “తిను పిన్నీ. ఏడేడిగా ఉంది.”

నూకాలమ్మ తిన్నది. పచ్చడి గురించి ఒక్క మాట అనలేదు. తిని, ఆకు మడిచి పారేసి, కొంగు ముడి విప్పి డబ్బులు తీసి గల్లాపెట్టె మీద పెట్టింది. పూర్తి డబ్బులు.

“ఇదేంటి పిన్నీ? సగమే కదా నువ్విచ్చేది?”

“సగం మొదటి గిరాకీకి అబ్బాయ్,” అంది చీపురు అందుకుంటూ. “అదిగో, ఆయనంట మొదటోడు. నువ్వే చెప్పావుగా.”

అతను సగం డబ్బులు తీసి చేతిలో పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి చాపలేదు. మెట్లు దిగి, బస్టాండు అవతలి వైపు ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. తాతబ్బాయి షీల్డుని గల్లాపెట్టె పక్కన గోడవైపు తిప్పి పెట్టాడు.

ఆ రోజు పేపర్లవాళ్ళ హడావుడి ధర్మమా అని హోటలు ముందు జనం బారులు తీరారు. పిండి రెండుసార్లు రుబ్బాల్సొచ్చింది. గిరాకీ ఎన్నడూ లేనంత బాగా సాగింది. బోణీ మాత్రం కాలేదు.